ఒక్క దెబ్బకి అంత తతంగం

ఇప్పుడు అడవిపందిని చంపడానికి మనిషి మంచం దిగాల్సిన పని లేదు. పొద్దు మునిగే వేళకి చేని చుట్టూ బైండింగు తీగ లాగి, పైన పోయే కరెంటు లైనుకి కొక్కెం తగిలించి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటారు. తెల్లారి పోయి చూసుకోవడమే. తీగకి పడింది పందైతే పంది, ఎదురింటోళ్ల పాడిబర్రె అయితే బర్రె, చిరుతైతే చిరుత. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయిన మనిషైతే ఆ ఇంటి సంగతి ఇంక చెప్పక్కర్లేదు. ఇట్లాంటి వార్త పేపర్లో పడుతూనే ఉంది, చదివి పేజీ తిప్పుతూనే ఉన్నాం.

నేను అహోబిలం కొండ కింద పుట్టి పెరిగినోణ్ని. మా రోజుల్లో పందిని కొట్టాలంటే ముందు మనిషి ఒకచోట కుదురుగా కూర్చోవాలి. కూర్చుని తుపాకీ దట్టించుకోవాలి. దట్టించేటప్పుడు పక్కన పిల్లోళ్లు ఉండకూడదు, చుట్ట ఉండకూడదు, మాటలు ఉండకూడదు. ఈ కాలం పిల్లోళ్లకి దట్టించడం అంటే ఏందో తెలియదు. తుపాకీ అంటే వాళ్లకి ఫోన్లో ఆడే ఆట. అందులో తూటాలు అయిపోతే ఆటలోవాడు చెయ్యి ఒకసారి ఊపుతాడు, తుపాకీ మళ్లీ నిండిపోతుంది. పైసా ఖర్చు లేదు, చేతికి మసి లేదు.

మా నాయన దగ్గర ఉండింది మూతి నుంచి దట్టించే ఒంటిగొట్టం తుపాకీ. దానికి పంట కాపలా లైసెన్సు. అది ఎవరో దయతలిచి చేసిన ఉపకారం కాదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే రాసి ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగే రైతుకి మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలి. దాంతో పని జరగదని అధికారికి తోస్తే వేరే నున్నగొట్టం తుపాకీకైనా ఇవ్వొచ్చు. ఆత్మరక్షణకో వేటకో అడిగేవాడికి మాత్రం గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. ఢిల్లీలో చట్టాలు రాసేవాళ్లకి ఒకప్పుడు పందీ తెలుసు, రైతూ తెలుసు అనడానికి ఈ ఒక్క సెక్షన్ చాలు.

ఇప్పుడు ఆ దట్టించే తతంగం చెప్తాను. మందు ఎద్దుకొమ్ములో ఉండేది. వెడల్పు మూతికి చెక్క బిరడా, సన్నమూతికి గుడ్డపీలిక. కొలవడానికి వెదురు కణుపు కోసి చేసిన చిన్న కొలత. అది మా జేజినాయన ఆ తుపాకీకని చేయించినాడు. దాన్ని ఇంకో తుపాకీకి వాడనిచ్చేవాడు కాదు, ఇంకొకరి కొలతను దీనికి తాకనిచ్చేవాడు కాదు. గొట్టం నిలబెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మందు పోసి, తుపాకీ మడమ మీద అరచేత్తో తట్టేవాడు నాయన. పైన కొబ్బరిపీచు ఉండ. దాన్ని గజంతో కిందికి దోయాలి. గజం అంటే గొట్టం కింద గాడిలో పెట్టుకునే ఇనుప కమ్మీ. మొదట దెబ్బలు మెత్తగా ధుబ్బుమంటాయి. మందు కుదురుకున్నాక గజం దానంతటదే ఎగిరి చేతికొస్తుంది. ఆ తర్వాత రవలు, అంటే చిన్న గుండ్లు, రవల మీద పల్చగా ఇంకొంచెం పీచు, నడిచేటప్పుడు దొర్లి బయటికి రాకుండా. మందును అంటించే టోపీ మాత్రం చిట్టచివర. మంచె ఎక్కి, కాళ్లు సర్దుకుని, తుపాకీ మూతి చేనివైపు తిరిగినాక గానీ టోపీ డబ్బీ మూత తీసేవాడు కాదు.

గజం మీద రెండు గాట్లు ఉండేవి. తుపాకీ చేతికి తీసుకోగానే నాయన చేసే మొదటి పని గజం లోపలికి జారవిడవడం. పై గాటుదాకా దిగితే గొట్టం ఖాళీ. కింది గాటు దగ్గర ఆగితే దట్టించి ఉంది. కింది గాటు కూడా దిగకుండా పైనే ఆగిపోయిందా, ఎవరో మరిచిపోయి రెండుసార్లు దట్టించినారన్నమాట. అప్పుడిక ఆ తుపాకీ ఎవరూ ముట్టకూడదు. రెండుసార్లు దట్టించి పేల్చిన గొట్టాలు అరటిపువ్వు మాదిరి విచ్చుకుని ఎడమచేతి వేళ్లు తీసుకుపోయిన కథలు మా పక్క ఊళ్లలో ఎన్నో వినబడేవి. వేళ్లు లేని పెద్దమనుషులు కూడా కనబడేవాళ్లు. వాళ్లను చూపించే మాకు లెక్కలు నేర్పినారు.

టోపీ పేలి మందు అంటుకోకపోతే ఇంకో పాఠం. 'టప్' మంటుంది, అంతే. దెబ్బ రాదు. తెలియనోడైతే వెంటనే గొట్టంలోకి తొంగిచూస్తాడు. నాయన మూతిని చేనివైపే పట్టుకుని, పెదాలు కదిలిస్తూ ఏదో చదువుకుంటూ ఉండిపోయేవాడు. నరసింహస్వామి నామమో, బాకీల లెక్కో ఇప్పటికీ తెలియదు. చల్లారిందని నమ్మకం కుదిరినాకే కిందికి దించేవాడు. వానాకాలం చెమ్మకి మందు ఆలస్యంగా అంటుకోవడం మామూలే.

ఇంత తతంగం ఉన్నప్పుడు దెబ్బ ఊరికే వేస్తాడా ఎవడన్నా? ఒకసారి పేలిస్తే మళ్లీ దట్టించేదాకా చేతిలో ఉన్నది కట్టె. గాయపడిన పంది ఆ సందులో మీదికొస్తే చెట్టే గతి. అందుకని దూరంగా ఉంటే కొట్టేవాడు కాదు. వెనకాల కూనలు వస్తుంటే కొట్టేవాడు కాదు. చీకట్లో మెదిలేది పందో పక్కచేని కాపలాదారో తేలకపోతే అసలు కొట్టేవాడు కాదు. చానా రాత్రులు మందు కర్చు కాకుండానే తెల్లారేది. వడిసెలతో రాళ్లు, డబ్బా మోత, కేకలు, వీటితోనే నూటికి తొంభై పాళ్లు పని జరిగిపోయేది. "మందు కంటే గొంతు చవక" అనేవాడు నాయన. మరీ తప్పకపోతే రవలు లేకుండా ఒట్టి మందూ పీచూ దట్టించి చప్పుడు చేసేవాడు. ఆ ఒక్క చప్పుడుకి కొండ చరియ అంతా మోగి, పందులు మూడు రోజులు ఈ దిక్కు తొంగిచూసేవి కావు.

ఒక్క మాట ముందే అనుకుందాం. ఆ కాలం అంతా సత్యకాలం, అందరూ హరిశ్చంద్రులు అని నేను అనడం లేదు. లైసెన్సు పందికి తీసుకుని చెవులపిల్లిని కొట్టినోళ్లు ఉన్నారు. కౌజులూ, అడవికోళ్లూ, దుప్పులూ కూరకుండల్లోకి పోయినాయి. కానీ మూతి నుంచి దట్టించే తుపాకీ అడవిని ఖాళీ చెయ్యలేదు. చెయ్యడానికి దానికి ఓపిక లేదు. ఖాళీ చేసింది జీపులు.

జీపుల కాలం నేను కళ్లారా చూసినోణ్ని. పట్నాల నుంచి షికారు పెద్దమనుషులు వచ్చేవాళ్లు. పన్నెండు బోరు డబుల్ బ్యారెళ్లు, రైఫిళ్లు, బెల్టుల నిండా తూటాలు, జీపు మీద కంటిచూపు పోగొట్టే లైటు. అంతకు ముందు తరం దొరలు కాలినడకన తిరిగినోళ్లు. బెంగళూరు నుంచి కెన్నెత్ ఆండర్సన్ ఈ నల్లమలకే వచ్చి, గాజులపల్లె, చెలమ, బసవాపురం, దిగువమెట్ట అని మన రైలు స్టేషన్ల పేర్లతోసహా పులివేట కథలు రాసుకున్నాడు. ఆయన్ను పొగడమని కాదు, పులి అడుగు చూడటానికైనా నడిచినాడు అంటున్నాను. జీపువాళ్లు నడవలేదు. లైటు వేస్తే జింక కళ్లు మెరిసి నిలబడిపోతుంది. ఒకటి తప్పితే రెండోది, రెండోది తప్పితే మూడోది. తూటా కొనుక్కునేదే కదా.

వాళ్ల విడిదిలో మాత్రం నాకు నచ్చిన మనిషి ఒకడుండేవాడు, తుపాకులు తుడిచే ముసలాయన. బయటిదేశపు తూటాలు ఖరీదు కాబట్టి ఇత్తడి తూటాల గుల్లలు పారెయ్యకుండా ఏరుకొచ్చేవాడు. మధ్యాహ్నం పెద్దమనుషులు గురకపెట్టే వేళ వేపచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, కాలిన టోపీ ఊడగొట్టి, కొత్త టోపీ కూర్చి, కొలిచి పోసి, అట్టబిళ్ల దిగదోసి, రవలు పోసి, పైన ఇంకో బిళ్ల వేసి మైనంతో అంచు మూసేవాడు. ఒక్కో గుల్లను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, వేలిగోరుతో అంచు నిమిరి చూసేవాడు. బీట ఉంటే పక్కన పెట్టేసేవాడు. అంత శ్రద్ధ పెట్టి నింపిన తూటాలను రాత్రికి వాళ్లు తాగి గాల్లోకి పేల్చేవాళ్లు. ఆయన కళ్లలోకి చూడలేకపోయేవాణ్ని.

ఆ జీపులూ, వలలూ, ఆ తర్వాత మెట్టభూములన్నీ నాగళ్ల కిందికి రావడమూ కలిసి బట్టమేకపిట్టను తినేసినాయి. దానికోసమని 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టినారు. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు కనబడతాయి, అవి పైరు మేస్తున్నాయని రైతుల గోల. బట్టమేక మాత్రం బోర్డు మీద ఉంది. కడప దిక్కున లంకమల అడవిలో కలివికోడి కథ ఇంకో తీరు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేదని రాసేసుకున్న పిట్ట. 1986లో పిట్టలు పట్టే మన పల్లె మనిషి రాత్రిపూట దీపం వెలుగులో చేత్తో పట్టుకొచ్చి చూపించినాడు. ఆ మధ్యకాలంలో తుపాకీ పట్టిన ఏ దొరకీ దొరకని పిట్ట అది.

తుపాకీ మాట వచ్చింది కాబట్టి సీమ మాట కూడా. మన నేలకి తుపాకీ కొత్త కాదు, తుపాకీ లాక్కోవడమూ కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ధారపోసినాక థామస్ మన్రో వచ్చి చేసిన మొదటి పనుల్లో పాలెగాళ్ల కోరలు పీకడం ఒకటి. ఎనభై మంది పాలెగాళ్లు, వాళ్ల కోటలు, వాళ్ల బంట్రోతులు, అన్నీ కొన్నేళ్లలో సద్దుమణిగినాయి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో కుప్పలుగా ఫిరంగులూ మందుగుండూ దాచిపెట్టినాడని ఇంగ్లీషోళ్లు సోదా చేసి పట్టుకున్నారు. జోహరాపురం దగ్గర పోట్లాట జరిగింది, నవాబును తిరుచినాపల్లికి పంపించినారు, మరుసటేడు ఆయన అక్కడే హత్యకు గురైనాడు. రాజ్యం పోయింది, కర్నూలు ఇంగ్లీషు జిల్లా అయింది. మందుగుండు మోజు ఎంత దూరం తీసుకుపోతుందో ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత ఆరేడేళ్లకే మా పక్కనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీసినారు. సరిగ్గా ఆ మరుసటేడు, 1878లో, లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చినాడు. దేశపోడికి లైసెన్సు, తెల్లోడికి మినహాయింపు. కొడగువాళ్లకి మాత్రం అప్పటి నుంచీ ఇప్పటిదాకా లైసెన్సు అక్కర్లేదు. వాళ్లు అదృష్టవంతులు. మన దగ్గర సామాన్యుడు ఒక కొలత మందు ఇంట్లో పెట్టుకోవాలన్నా అప్పటి నుంచి ఎవరో ఒకరి సంతకం కావలసిందే. ఇప్పటి చట్టంలోనైతే తుపాకీలోకి దట్టించేదంతా మందుగుండు కిందికే వస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే ఐదో సెక్షన్ తప్పు. చట్టం అట్లా ఉండాల్సిందే, కాదనడం లేదు. ఎందుకంటే ఆ మందునే తీసుకుని మావాళ్లు ఏం చేసినారో నాకు బాగా తెలుసు.

నాటుబాంబులు చేసినారు. ఊళ్లకు ఊళ్లు రెండు ముఠాలై, గడ్డివాముల్లో బకెట్లు దాచి, పొద్దున్నే దారి కాచి చంపుకున్నారు. కొమ్ములో దాచుకుని కొలిచి పోసుకునే మందుకీ, జనపనారతో చుట్టి విసిరే ఉండకీ ఎంత దూరం! ఒకటి చేసేవాడు తన వేళ్ల గురించి భయపడతాడు. రెండోది చేసేవాడు ఎవరి వేళ్ల గురించీ ఆలోచించడు. దాంట్లో ఇంకో రకం, పందికోసం పేగుల్లో చుట్టి చేని గట్టున పెట్టే బాంబు. పంది కొరికితే దవడ పోతుంది, చావక రెండు రోజులు అడవిలో తిరుగుతుంది. మేతకు పోయిన ఆవు కొరికినా అంతే. అట్లాంటి ఆవును నేను చూసినాను. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇదంతా చూసి సినిమావాళ్లు చేసుకున్న వ్యాపారం ఇంకో ఎత్తు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర', ఆ తర్వాత లెక్కే లేదు. సుమోలు గాల్లోకి లేవడం, కత్తులు, బాంబులు, తెల్ల చొక్కాలు. హైదరాబాదులో బంధువుల పెళ్లికి పోతే "మీది ఆళ్లగడ్డ పక్కనా?" అని కాస్త దూరం జరిగి కూర్చునేవాళ్లు. నా మటుకు నాకు ఆ సినిమాల మీద ఒకటే ఫిర్యాదు: ఎవడూ దట్టించడు. హీరో పిస్తోలు పట్టుకుని అరగంట కాలుస్తాడు. ఆరు తూటాల రివాల్వరు అరవై పేలుతుంది. విలన్ గురి మాత్రం ఎన్నటికీ కుదరదు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషన్‌లో అప్పజెప్పమనేవాళ్లు. నాయన తన తుపాకీని దుప్పటిలో చుట్టుకుని పోయి రసీదు తెచ్చుకునేవాడు. బాంబుల బకెట్లకి రసీదు ఎవరిస్తారు? అవి గడ్డివాములోనే ఉండేవి. నాయన పోయినాక లైసెన్సు నా పేరుకి మార్చమని ఆఫీసు చుట్టూ తిరిగినాను. ఈ కాగితం, ఆ కాగితం, పంది వల్ల నష్టం జరుగుతోందని రుజువు. పందిని సాక్షిగా తీసుకురమ్మనలేదు, అదొక్కటే తక్కువ. చివరికి తుపాకీ అప్పజెప్పేసి వచ్చినాను. ఇప్పుడు ఎక్కడో ఒక గదిలో తుప్పుపట్టి ఉంటుంది. రెండు గాట్ల గజం మాత్రం వాళ్లు అడగలేదు. ఇంట్లో మూలన ఉంది, కోడలు దాంతో బూజు దులుపుతుంది.

ఇంక నా మనమడి సంగతి. వాడు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. కంప్యూటరు పని. గ్రీన్‌కార్డు వచ్చినాక రైఫిలూ పిస్తోలూ రివాల్వరూ కొన్నాడు. అది వాళ్ల దేశం, వాళ్ల ఆచారం. ఆ మధ్య వీడియోలో గ్యారేజీ చూపించినాడు. బల్లకి బిగించిన పచ్చరంగు ఇనుప యంత్రం, చెరకురసం బండికున్నట్టు పొడుగాటి చెయ్యి.

"ఇదేందిరా అబ్బీ?"

"తూటాలు నింపే ప్రెస్సు తాతా. ఆర్‌సీబీఎస్ వాళ్లది. 1943 నుంచీ చేస్తున్నారంట."

కాల్చేసిన ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి, యంత్రంలో దొర్లించి తళతళలాడించి, కాలిన టోపీ ఊడగొట్టి, ఉబ్బిన గుల్లను అచ్చులో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చి, కొత్త టోపీ, మందు, గుండు. వేపచెట్టు కింద ముసలాయన చేసిన పనే. తేడా ఏమంటే వీడు కొలవడు, తూస్తాడు. ఈ కాలపు పొగరాని మందు నల్లమందుగుండు మాదిరి కొలిచి సరిపెట్టుకునేది కాదు, రవ్వంత ఎక్కువైనా గొట్టం తట్టుకోదు. 1884లో ఫ్రాన్సులో వియే అనే ఆయన కనిపెట్టినాడు దాన్ని, అప్పటి నుంచి లోకంలో రైఫిళ్లన్నీ మారిపోయినాయి. పాత తుపాకీలో ఆ మందు పోస్తే ప్రాణానికే ముప్పు. వీడి త్రాసు గ్రెయిన్లలో చూపిస్తుంది. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, అంటే ఒక్క గ్రెయిను మన గురిగింజలో దాదాపు సగం. వాడు దాన్ని కూడా పది భాగాలు చేసి చూసుకుంటాడు. మా ఊరి కంసాలి బతికుంటే వీణ్ని అల్లుణ్ని చేసుకునేవాడు.

పిస్తోలు తూటాల దగ్గర వాడు చెప్పిన మాట విని నాకు కుర్చీలో సర్దుకుని కూర్చోవాలనిపించింది. పాత రకం రివాల్వరు తూటాలో కడుపు పెద్దది, పొయ్యాల్సిన మందు తక్కువ. మరిచిపోయి రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు, కంటికి ఆనదు. అందుకని గుండు కూర్చే ముందు గుల్లలన్నీ వరసగా చెక్కలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్క దాంట్లోకి తొంగిచూస్తాడంట. ఫోను పక్కన పెడతాడంట, పాటలు ఆపేస్తాడంట. మా నాయన గజానికి గాటు పెట్టుకున్నాడు, వీడు టార్చి వేసుకున్నాడు. వీడు పుట్టేనాటికే నాయన పోయినాడు, ఎవరూ నేర్పలేదు. పని చేతికొస్తే భయం కూడా దాంతోనే వస్తుంది మరి.

సంతోషించినాను. అంతలో అడిగినాను, "ఇంత కష్టపడి దేన్ని కొడతావురా?"

"కాగితాన్ని తాతా."

వంద గజాల దూరంలో కాగితం పెట్టి, తూట్లన్నీ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయా లేదా అని చూసుకుంటాడంట. కరోనా కాలంలో టోపీలు దొరక్క దుకాణాల ముందు వరసలు కట్టినారంట. కాగితాన్ని కొట్టడానికి! మా దగ్గర బుడ్డలన్నీ పందులు పెళ్లగించి తింటుంటే వీడు కాగితం మీద యుద్ధం చేస్తున్నాడు.

ఇంకా వినండి. టెక్సాస్‌లోనూ అడవిపందులున్నాయంట. ఎప్పుడో స్పానిషోళ్లు తెచ్చి వదిలిన పందుల సంతానం. అక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, పందిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. 2011లోనైతే హెలికాప్టరు ఎక్కి పైనుంచి కాల్చుకోవచ్చని చట్టమే చేసినారు. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని మరీ ఎక్కుతారంట. నేను మాట్లాడలేదు. ఇక్కడ రైతు మంచె ఎక్కడానికి దిక్కులేదు, అక్కడ పందికోసం గాల్లో ఎగురుతున్నారు. అంత చేసినా అక్కడి పందులు తగ్గలేదంట. అది వినంగానే నాకు కొంచెం ఊరట కలిగిన మాట వాస్తవం.

మన దగ్గర చట్టం ఇంకో దారిన పోయింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991లో దాన్ని సవరించి వేట అన్నమాటే లేకుండా చేసినారు. మంచిదే. జీపులకి లైటు ఆరిపోయింది. నల్లమలలో మళ్లీ పులి అడుగు కనబడుతోందంటే ఆ చట్టం పుణ్యమే, 1983 నుంచి ఇది పులుల అడవి కూడా. కానీ పులి పెరిగితే పంది తగ్గాలి కదా? పంది అడవిలో ఉంటే కదా పులికి దొరికేది! అది తెలివైంది. పగలు కొండ పాదంలో సర్కారుకంపలో పడుకుంటుంది, రాత్రి చేనికొస్తుంది. బుడ్డల చాలు పట్టుకుని ముట్టెతో దున్నుకుంటూ పోతుంది. పొద్దున చూస్తే ట్రాక్టరు కూడా అంత నీటుగా దున్నదు.

పైరును పాడుచేసే పందిని కొట్టడానికి అనుమతి ఇచ్చే దారి చట్టంలో ఉంది. పదకొండో సెక్షన్‌లో నిలిచిన పైరు మాట కూడా రాసినారు. 2022 సవరణ తర్వాత పంది రెండో షెడ్యూలులో ఉంది, దానికీ ఆ దారి తెరిచే ఉంది. బీహారులో, ఉత్తరాఖండ్‌లో కొన్నాళ్లు పందిని పీడజంతువుగా ప్రకటించి చూసినారు. తెలంగాణలో సర్పంచులకే ఆ అనుమతిచ్చే పని అప్పగించినారు. అనుమతి సరే, కొట్టేదెవరు? పంట కాపలా తుపాకీ ఏ ఊళ్లో ఉంది? ఉన్నా దట్టించడం ఎవరికొచ్చు? పట్నం నుంచి షూటరును పిలిపించాలి. ఆయన దారి కర్చు, భోజనం, విడిది. పంది ఆ రోజే రావాలని ముహూర్తం పెట్టుకుని వస్తుందా? అందుకే కరెంటు తీగ. చవక, చప్పుడు లేదు, అనుమతి లేదు, అడిగేవాడు లేడు. ఒక కొలత మందు మీద అన్ని కళ్లు పెట్టిన సర్కారు, ఊరంతా పరుచుకున్న తీగ మీద ఒక్క కన్ను పెట్టదేం?

మా ఊళ్లకి ఇంకా దర్జాగా వేటకొచ్చేది ఒక్కడే, అహోబిలం నరసింహస్వామి. కనుమనాడు కొండ దిగి, జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో పారువేటకి బయల్దేరుతారు. బయల్దేరేటప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. మా ఇంటి ఆడపిల్లను చేసుకున్న అల్లుడివి, మా అడవి దాటి ఎట్లా పోతావో చూస్తామన్నట్టు. ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజులకు పైన. ఊరూరా తెలుపు అనే కట్ట మీద కొలువుదీరి, తన పెళ్లికి తానే పిలుపులు పెట్టుకుంటూ తిరుగుతాడు. ఇంత పెద్ద వేటలో ఒక్క ప్రాణి చావదు.

పోయినసారి మా ఊరి కట్ట మీద స్వామి ఉన్నప్పుడు మా పక్కచేని రెడ్డి టెంకాయ కొట్టి గట్టిగానే మొక్కుకున్నాడు: "స్వామీ, వేటకని వచ్చినావు, రెండు రాత్రులు మా చేని దిక్కు కూడా చూడు."

పూజారి నవ్వినాడు. "వరాహ నరసింహుడు కూడా అహోబిలం తొమ్మిది మంది నరసింహుల్లో ఒకడే రెడ్డీ, పందిమీద ఫిర్యాదు స్వామికెట్లా చేస్తావు?" అన్నాడు.

రెడ్డి దక్షిణ వెనక్కి తీసుకోబోయినాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపినాను.